లాంతరు ఒత్తి

అమలాపురంలో ఆ సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. ఇంజినీరింగ్ చదివే మనవరాలి పాత లాప్‌టాప్‌లో చార్జింగ్ సగమే ఉంది. తెల్లారేసరికి ప్రాజెక్టు రిపోర్టు పూర్తిచేయాలి.

‘గంట కూడా రాదు తాతయ్యా’ అంది దిగులుగా.

‘1996 తుపానప్పుడు రోజుల తరబడి చీకటేనమ్మా. కిరసనాయిలు అయిపోకుండా లాంతరు ఒత్తి తగ్గించుకునేవాళ్లం. నీ దీపానికి ఒత్తి లేదా?’

ఉంది! ముందు తెర వెలుగు తగ్గించింది. అది లినక్స్ లాప్‌టాప్. ఎప్పుడో వేసుకున్న ‘పవర్‌టాప్’ తెరిచింది. 2007లో ఇంటెల్ విడుదల చేసిన ఈ ఉచిత ప్రోగ్రాం, ప్రాసెసర్‌ని ఏది ఎన్నిసార్లు నిద్రలేపుతోందో చూపిస్తుంది. తెరిచి మరిచిపోయిన బ్రౌజర్ పేజీలు, వాడని బ్లూటూత్, వైఫై... పనిలేకుండా మేలుకున్నవే ఎక్కువ! ఒక్కొక్కటీ ఆపేసింది. పవర్‌టాప్‌లో చేసిన మార్పులు రీస్టార్ట్ చేస్తే పోతాయి. అవి నిలవాలంటే ‘టీఎల్‌పీ’ అనే మరో ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే సరి, ఆన్ చేసిన ప్రతిసారీ పొదుపు సంగతి అదే చూసుకుంటుంది.

అర్ధరాత్రికి రిపోర్టు పూర్తయింది. బ్యాటరీ ఇంకా కాస్త మిగిలింది. బయటికొస్తే వసారాలో తాతయ్య కూర్చునే ఉన్నాడు.

‘పనిలేకుండా మేలుకున్నావేం తాతయ్యా?’

‘పనుందమ్మా. నువ్వు మేలుకున్నావుగా!’