అరకు సంతలో బేరము

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రైలు శృంగవరపుకోట దాటినది మొదలు కొండ నెక్కుచునే యుండును. బైలడిల్లా గనుల యినుపరాతిని రేవునకు చేర్చుటకై 1960ల దశకమున వేసిన మార్గమిది. యాత్రికుల సౌఖ్యము తరువాత వచ్చినది. ఏబదికి పైగా సొరంగములు. ఒక్కొక్క సొరంగములో పిల్లలు కేకలు వేయుదురు, వెలుగు రాగానే సిగ్గుపడి యూరకుందురు. సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తుననున్న సిమిలిగూడ స్టేషను గడచిన పిమ్మట బండి లోయలోనికి దిగును. బొఱ్ఱా గుహలను గూర్చియు, గాలికొండ మంచును గూర్చియు వ్రాసినవారు పెక్కురు గలరు. నేను సంతను గూర్చి వ్రాయదలచితిని.

వారమున కొకనాడు చుట్టుపట్ల కొండయూళ్ళ స్త్రీలు తెల్లవారుజామున బయలుదేరి, ఇప్పుడు కొందరు జీపులలోను, ఆటోలలోను, కొందరు నేటికిని కాలినడకను, తట్టలు నెత్తిన బెట్టుకొని సంతకు వత్తురు. భగతలు, కొండదొరలు, కోటియాలు, గదబలు, వాల్మీకులు, ఎవరి కట్టు వారిది. చోళ్ళు, వలిసెలు, పసుపు, అల్లము, రాజ్మా గింజలు, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు వారు తెచ్చు సరకులు. మైదానపు వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, నూనె, గాజులు, బట్టలు తెచ్చి ఎదుటి వరుసలో కూర్చుందురు. ఒకే చోట ఒకరు అమ్మకందారు, మరుక్షణమున వారే కొనుగోలుదారు. అర్థశాస్త్రపు మొదటి పాఠమును చూడదలచిన సోదరీమణులకు ఇంతకంటె మంచి చోటు లేదు.

ప్రొద్దున చిక్కుళ్ళు పోగు 20 రూపాయలనిన అవ్వ, మధ్యాహ్నము దాటునప్పటికి అదే సొమ్మునకు రెండు పోగులు కలిపి యిచ్చుచున్నది. ఆమెకు చిక్కుళ్ళపై విరక్తి పుట్టలేదు. ఉదయమున కొనువారు ఎక్కువ. సాయంకాలమునకు వారు పలుచబడిరి. కాయలు మాత్రము తట్టలోనే యున్నవి. “రేపటికి వాడిపోతాయమ్మా, మోసుకొని మళ్ళీ కొండెక్కలేను,” అన్నది. ఆమె నిలువచేయలేదు, తగ్గించి తేలేదు, ఇప్పుడు అమ్మకపోయిన మరియెక్కడను అమ్మలేదు. ధర మారినప్పుడు అమ్మువారుగాని కొనువారుగాని తమ పరిమాణమును ఎంతవఱకు మార్చుకొనగలరో, ఆ సాగుగుణమునకే పండితులు వ్యాకోచత్వమని పేరు పెట్టిరి. అవ్వ తట్టలోని సరకునకు సాయంకాలమున ఆ గుణము దాదాపు శూన్యము. ఆ వేళకు కారులలో దిగి, ఇంకను తగ్గింపుమని పంతము పట్టు పట్టణపు అక్కచెల్లెండ్రను చూచినపుడు నాకు కొంచెము కష్టము కలిగినది. మనకు చిక్కుళ్ళు కాకపోయిన వంకాయలున్నవి. ఆమెకు చీకటి పడకముందే ఇల్లు చేరవలెను.

ఎదుటి వరుసలోని ఉప్పు సంగతి వేరు. మన యిండ్లలోనే చూడుడు. ఉప్పు ధర నూటికి పదివంతులు పెరిగిన పులుసులో ఉప్పు తగ్గింతుమా? బహుశః తగ్గింపము. అదే మామిడిపండ్లు పదివంతులు పెరిగిన, డజను కొనువారు ఎనిమిదితో సరిపెట్టుదురు. ఉప్పు గిరాకి సాగదు, మామిడి గిరాకి సాగును. సాగని గిరాకి గల వస్తువు ఒక్క వర్తకుని చేత చిక్కినచో వాడు కోరిన ధర పలుకును. పూర్వము లోపలి కొండయూళ్ళలో జరిగినది ఇదియే. ఉప్పు, గుడ్డ తెచ్చు వర్తకుడే చింతపండు, తేనె కొనువాడు. అతడు తూచినదే తూకము, చెప్పినదే లెక్క. సంతలో నలుగురు ఉప్పు అమ్మువారున్నచో గతి మారును. ఉప్పు మానలేము గాని, ఈ కొట్టు మాని ఆ కొట్టునకు పోగలము.

ఈ చిక్కును విప్పుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది. అడవిసరకును చెప్పిన ధరకు కొనుట, నిత్యావసర వస్తువులను అమ్ముట అను రెండు పనులను అది తలకెత్తుకొన్నది. చింతపండు చిక్కుడువలె వాడిపోదు. ఉట్టిపై కొన్ని నెలలు కాచుకొని యుండగలదు. అట్లుండియు, ఇంటిలో బియ్యము లేని తల్లి చింతపండును కాచుకొని యుండనీయదు. నిలువయుండు సరకుతోపాటు నిలువనిచ్చు సంసారము కూడ కావలెను. కొనువాడు ఇంకొకడున్నాడని తెలిసిననాడు మొదటివాని మాటకు పదును తగ్గును.

అడ్డాకులకు మాత్రము ఏ సంస్థయు పూర్తిగా అడ్డుపడలేకున్నది. విందులలో కాగితపు పళ్ళెములు వచ్చిన తరువాత, ఆకు ధర కొంచెము పెరిగినను పెండ్లివారు అటు మొగ్గుదురు. బదులు వస్తువు దగ్గరగా నున్నచో గిరాకి మిక్కిలి సాగును.

ఇక కాఫీ. పోడు వ్యవసాయమునకు బదులుగా ప్రభుత్వము ఈ కొండలలో కాఫీతోటలను ప్రోత్సహించినది. వెండి ఓకు చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే ప్రాకిన మిరియపు తీగెలు, చూచుటకు కన్నులపండువు. కాని నాటిన మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. నేడు ధర పెరిగెనని రేపు గింజలు పెంచలేరు, ధర పడెనని చెట్లను వెంటనే పెరికివేయరు. త్రాగువారును అంతే: ఉదయపు కాఫీ మానువారు అరుదు. మహా అయిన పొడిలో చికోరి పాలు హెచ్చింతురు. మన యిండ్లలో ఆ మార్పు మొదట కనిపెట్టునది ఎల్లప్పుడు మామగారే! ఇరువైపుల సాగుగుణము లేనందున చిన్న లోటునకే ధర ఆకాశమున కెగురును, చిన్న మిగులునకే నేలకూలును. 1975 జూలైలో బ్రెజిలు దేశమున మంచు కురిసి తోటలు మాడిపోగా, 1977 నాటికి లోకమంతట కాఫీ ధర మండిపోయినది. వియత్నాము పంట వెల్లువవలె వచ్చి, 2001 ప్రాంతమున ధర అడుగంటినది. బ్రెజిలు కఱవు మూలమున 2025 ఆరంభమున మరల శిఖరమెక్కినది. అరకు తల్లి ఏ తప్పును చేయలేదు, ఏ పుణ్యమును చేయలేదు. ఎక్కడనో వాన కురియలేదు, అంతే.

తమ గింజకు వేరొక పేరుండిన కొంత రక్షణ కలుగునని ఇక్కడివారు తెలిసికొన్నారు. 2017లో పారిసు నగరమున అరకు పేరున కాఫీ దుకాణము వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఏదో కాఫీ యనువాడు చౌకదానికి పోవును, అరకు కాఫీయే కావలెననువాడు అంత తేలికగా పోడు.

నేను వెళ్ళిననాడు సంత అంచున ఒక నడివయస్కురాలు నారుసంచులలో కాఫీ మొలకలు కొనుచుండెను. ధర బాగున్నది గనుక ఈ యేడు మరికొన్ని నాటెదనన్నది. కాపునకు వచ్చుసరికి ధర ఎట్లుండునో అని నేననగా, ఆమె నవ్వి, అంతవఱకు మిరియములున్నవిగదా అని సంచులు తట్టకెత్తుకొన్నది.