తోడి గాంధారానికి ఒక ప్రాజెక్టు

ప్రొద్దుటూరు దసరా అంటే అమ్మవారిశాల, ఊరేగింపులు, వాటి ముందు ఆర్కెస్ట్రాలు. ఆ ఆర్కెస్ట్రాలకు కీబోర్డులు, ప్యాడ్లు అద్దెకిచ్చే దుకాణంలో ఒక కుర్రాడు రబ్బరు గడుల మీద కర్రతో తట్టి చూపించాడు. ఒకదాంట్లో డప్పు, పక్కదాంట్లో డోలు, ఇంకోదాంట్లో తాషా. ఆ డప్పు మోత అతనే ఊరి జాతరలో ఫోనుతో పట్టి, ముందూ వెనకా కత్తిరించి ఎక్కించుకున్నాడట.

"ఎవరు నేర్పినారు?"

"చెప్పేవాళ్లు యాడుండారు సార్? యూట్యూబ్ చూసి నేర్చుకుంటి."

మ్యూజిక్ టెక్నాలజీ కోర్సుల్లో ఇలా మోతను పట్టి, కత్తిరించి ఎక్కించడం తొలినాళ్ల పాఠం. ఆ చదువు కడప జిల్లాలో ఎవరి దగ్గర ఎంతుందో చూద్దామనే బయల్దేరాను.

జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఒక నాదస్వర విద్వాంసుణ్ణి కలిశాను. ఒత్తు ఊదే మనిషికి బదులు ఆయన పక్కన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఉంది. దానితో ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా కీబోర్డుతోనే. "తోడిలో గాంధారం ఊగాల నాయనా. ఆ మెట్టు నొక్కితే కట్టె మాదిరి నిలబడిపోతాది" అన్నారు.

నిజమే. కీబోర్డు స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా కోస్తుంది, గమకం ఆ మెట్ల నడుమ తిరుగుతుంది. అయితే యంత్రానికి దారి లేకపోలేదు. ఎలక్ట్రానిక్ వాద్యాలను కలపడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణంలోనే స్వరాన్ని వంచడానికి 16,384 అంచెలున్నాయి. ఏ రాగంలో ఎంత వంచాలో, ఎంత వేగంగా ఊపాలో కొలిచి చెప్పాలి. దానికి ఆయన చెవీ కావాలి, ఇంజినీరు లెక్కా కావాలి.

ఆ లెక్క కోసం ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్లాను. అక్కడ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2006 నుంచి ఉంది. ఈసీఈ విద్యార్థి ఒకడు టీకొట్టు దగ్గర ల్యాప్‌టాప్ తెరిచాడు. కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ 1983లో ప్రకటించిన పద్ధతి చెప్పాను: యాదృచ్ఛికంగా 300 సంఖ్యలు తీసుకుని వరసగా వినిపించు, ప్రతి చుట్టులోనూ పక్కపక్క రెండింటి సగటు పెట్టు. సెకనుకు 44,100 శాంపిళ్ల చొప్పున ఆ చుట్టు సుమారు 147 సార్లు తిరుగుతుంది. పది పన్నెండు వరసల పైథాన్ రాశాడు. స్పీకరు ఒక్క క్షణం గరగరలాడి, మీటిన తీగలా మోగి సన్నగిల్లింది. సగటు తీసినప్పుడల్లా హెచ్చు పౌనఃపున్యాలు ముందుగా కరిగిపోతాయి మరి.

"ఇది లో-పాస్ ఫిల్టరే కద సార్! పరీక్షలో రాసినా."

సంగీతం, యంత్రం ఒకచోట కలిసిన సందర్భాలున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన జాన్ చౌనింగ్ స్వరకర్త. 1967లో కంప్యూటర్ మీద ఆయన కనిపెట్టిన ఎఫ్‌ఎం శబ్దసృష్టి పద్ధతే 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డయింది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. రెండుచోట్లా సంగీతం తెలిసినవాణ్ణి యంత్రం ముందు కూర్చోబెట్టారు. మన దగ్గర సంగీతం తెలిసినవాడూ, యంత్రం తెలిసినవాడూ వేర్వేరు ఊళ్లలో ఉన్నారు.

కొత్త కోర్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు, చివరి ఏడాది ప్రాజెక్టు ఒకటి చాలు. జమ్మలమడుగు తోడిని రికార్డు చేసి, గాంధారం ఊగే తీరును గ్రాఫు గీసి, ప్రొద్దుటూరు కీబోర్డులోకి ఎక్కించాలి. ఈ మాట చెప్పగానే ఆ ఈసీఈ విద్యార్థి అడిగాడు: "రికార్డు చేసేప్పుడు శ్రుతి పెట్టె ఆపమంటే ఆపుతాడా సార్?"

ఆపరు. కాబట్టి శ్రుతిని వడగట్టే ఫిల్టరే ఆ ప్రాజెక్టులో మొదటి అధ్యాయం.