కార్టూన్ పాపాయికి పాలెవరిచ్చారు?

నా కన్సల్టింగ్ గదిలో ఒక మూల బొమ్మల బుట్ట ఉంటుంది. చంటిబిడ్డని టీకాకి తెచ్చినప్పుడు వెంట వచ్చిన అక్కలూ అన్నలూ నేరుగా అక్కడికే పోతారు. వాళ్ల ఆట గమనించడం పిల్లల డాక్టర్‌గా నాకు అలవాటు. ఈమధ్య నాలుగేళ్ల పాప ఒకతె బొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని బుట్టంతా కింద పోసి వెతుకుతోంది. "ఏం కావాలి తల్లీ?" అంటే, "పాపకి ఆకలేస్తోంది డాక్టరాంటీ, సీసా లేదు" అంది. పక్క కుర్చీలో వాళ్లమ్మ చున్నీ చాటున చంటివాడికి పాలిస్తోంది. వాళ్లింట్లో పాలసీసా కొననే లేదట. పాప చూసే కార్టూన్లలో మాత్రం పసిబిడ్డ అంటే సీసా ఉండాల్సిందే. అమ్మ పాలిచ్చే వేళకి "నువ్వు బయట ఆడుకో పో" అని నాయనమ్మ పంపేస్తుంది. ఇక ఆ పిల్లకి తెలిసే దారేది?

పుట్టుక సంగతీ అంతే. 1941లో వచ్చిన డిస్నీ వారి డంబో సినిమాలో ఏనుగు పిల్లని కొంగ మూటగట్టి తెచ్చి రైల్లో ఉన్న తల్లికి అప్పగిస్తుంది. దాదాపు ఇరవై రెండు నెలలు కడుపున మోసి కనే జంతువుకి ఆ కష్టంలో భాగమే లేకుండా పోయింది. 2017లో వచ్చిన బాస్ బేబీలో పిల్లలు ఒక కంపెనీ నుంచి వస్తారు. ఆస్ట్రేలియా వాళ్ల బ్లూయీ కార్టూన్‌లో నాన్న ఆటగా కడుపుతో ఉన్నట్టు నటించే ఎపిసోడ్ ఒకటుంది. అమెరికా ప్రసారాల్లో దాన్ని పక్కన పెట్టేశారు, చివరికి 2024లో యూట్యూబ్‌లో వచ్చింది. మన ఇళ్లలో కొంగ లేదు. దాని బదులు "నిన్ను తవుడు పోసి కొన్నాం" అనే మాట ఉంది.

ఈ దాపరికం పిల్లల్ని ఎంత కలతపెడుతుందో ఒక ఎనిమిదేళ్ల కుర్రాడు నాకు చూపించాడు. తమ్ముడు పుట్టినప్పటి నుంచి పక్క తడుపుతున్నాడని తీసుకొచ్చారు. నెమ్మదిగా మాట్లాడిస్తే బయటపడింది. అమ్మ పొట్ట మీద కుట్లు చూశాడు. తమ్ముడే లోపల్నుంచి కోసుకుని బయటికొచ్చాడనుకున్నాడు. ప్రిస్క్రిప్షన్ కాగితం మీద గర్భసంచి గీసి, డాక్టర్లు ఎక్కడ కోస్తారో, ఎలా కుడతారో చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు: "అమ్మకి మళ్లీ విడిపోదు కదా?" తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఇలా అమ్మ కుట్లు చూసి లోలోపల భయపడే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉండవచ్చు.

పిల్లలకి ఇవన్నీ చూపించలేం అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటుంది. 1977లోనే అమెరికాలో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం చూపించింది. గాయని బఫీ సెయింట్-మేరీ తన సొంత కొడుక్కి పాలిస్తూ కూర్చుంటుంది. పసుపుపచ్చ పక్షి పాత్ర బిగ్ బర్డ్ వచ్చి ఏం చేస్తున్నావని అడుగుతుంది. బిడ్డకి పాలిస్తున్నానని, అమ్మలందరూ కాకపోయినా చాలామంది ఇలాగే ఇస్తారని, వాడికి కావాల్సింది ఇందులో దొరుకుతుందని, తనకి వాణ్ని హత్తుకునే వీలుంటుందని ఆమె చెబుతుంది. బిగ్ బర్డ్‌కి ఆ జవాబు చాలింది. ఎవరినీ తక్కువ చెయ్యకుండా, ఏదీ దాచకుండా ఎంత సూటిగా చెప్పిందో చూడండి. 1989లో అదే కార్యక్రమంలో మరియా అనే పాత్ర కడుపుతో ఉండడం, ఆమెకి గాబీ అనే పాప పుట్టడం కూడా పిల్లలు చూశారు. ఆ పాత్ర వేసిన సోనియా మాంజానో అప్పుడు నిజంగానే గర్భవతి.

చిన్నప్పుడు చూడకపోతే ఏమవుతుందో బాలింతల వార్డులో తెలుస్తుంది. ఆపరేషన్ అయిన మూడో రోజు, తొలి కాన్పు అమ్మాయి. "డాక్టరమ్మా, మా పిల్లకి పాలు పడలేదు, డబ్బా పాలు రాసివ్వండి" అని వాళ్లమ్మ పట్టుబట్టింది. ఒకసారి పాలివ్వమని చెప్పి పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టుకుని, మెడ ఒక్కటీ పక్కకి తిప్పి, తనే వంగి రొమ్ము నోటికి అందించబోయింది. అది సీసా పట్టే తీరు. మెడ పక్కకి తిప్పి మనం గుక్కెడు నీళ్లు మింగడమే కష్టం. బిడ్డ రెండుసార్లు చప్పరించి ఏడుపు లంకించుకుంది. తల్లి చనుమొనలు అప్పటికే పగిలాయి. బిడ్డ పొట్ట తల్లికి ఆనేలా తిప్పించి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగమన్నాను. గడ్డం రొమ్ముకి తగిలింది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్లింది. కాసేపటికి గుటక చప్పుడు వినపడింది. "ఇంతకుముందు ఎవరైనా పాలివ్వడం చూశావా అమ్మా?" అంటే లేదని తలూపింది. బొమ్మకి సీసా పట్టడం మాత్రం చిన్నప్పటి నుంచీ వచ్చట.

ముర్రుపాలు చెంచాల లెక్కనే వస్తాయి, మొదటి రోజుల్లో బిడ్డ పొట్టకి పట్టేదీ అంతే. రొమ్ములు నిండడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, ఆపరేషన్ అయితే కాస్త ఆలస్యం కావచ్చు. ఈలోపు సీసా అందిస్తే బిడ్డ రొమ్ము చప్పరించడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. ఇందాక చెప్పిన సర్వే ప్రకారం దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందినది 41.8 శాతం పిల్లలకే. తల్లికి జబ్బు చేసో, బిడ్డ నెలలు నిండకుండా పుట్టో, డబ్బా పాలు తప్పనిసరయ్యే సందర్భాలు ఉంటాయి. వాళ్లకి గిన్నె, చెంచాతో పట్టడం నేనే నేర్పిస్తాను. నా బాధ అంతా ఏ కారణమూ లేకుండా, కేవలం చూసి ఎరగక పాలు పోగొట్టుకుంటున్న తల్లుల గురించి.

మన కథల్లో లేదనడానికీ వీల్లేదు. భాగవతంలో యశోద పెరుగు చిలుకుతుంటే కృష్ణుడు పాలకోసం వచ్చి కవ్వం పట్టుకుంటాడు. ఆమె ఒళ్లోకి తీసుకుని పాలిస్తుంది. పొయ్యి మీద పాలు పొంగాయని వాణ్ని సగంలో దించి పరుగెడుతుంది. ఆ కోపంతో కుండ పగలగొడతాడు, ఆమె రోటికి కట్టేస్తుంది. నేను చూసిన కార్టూన్ కృష్ణుళ్లందరూ కుండ పగలగొట్టడంతోనే మొదలవుతారు. కోపమెందుకొచ్చిందో ఏ పిల్లాడికీ తెలియదు, అదేదో అల్లరి అనుకుంటాడు. పాలిచ్చే స్త్రీగా తెరమీద మిగిలింది పూతన. విషం పూసుకొచ్చిన రాక్షసి!

మన దేశంలో 1992 నాటి చట్టం, 2003 సవరణతో కలిపి, రెండేళ్లలోపు పిల్లల పాలపొడికీ సీసాలకీ ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. పాలపొడి డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ కూడా వెయ్యకూడదు. ఆ పసిబిడ్డ కార్టూన్‌లో సీసా పట్టుకుని కనిపిస్తే అడిగేవాడు లేడు.

పాలిచ్చే తల్లులారా, పెద్దబిడ్డని గది దాటించకండి, పక్కన కూర్చోనివ్వండి, అడిగినదానికి జవాబు చెప్పండి. ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లో తయారైన బొమ్మ. ఇక్కడ బొమ్మలు గీసేవాళ్లకీ కథలు రాసేవాళ్లకీ ఒక విన్నపం. ఈసారి కృష్ణుణ్ని రోటికి కట్టే కథ తీస్తే, యశోద పాలిచ్చే దగ్గర మొదలుపెట్టండి.