కొల్లేరు గీత



మేము కొల్లేరు లంకల వాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను కొల్లేరు కడుపులో దాచుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదులుతుంది. 1999లో 5వ కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటికి మేము పసిపిల్లలం. చెరువు పని పోయి కూలికి వలసపోయిన ఇళ్లలో మావీ ఉన్నాయి. నేటికీ ఇంట్లో ఆ మాటెత్తితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోతారు.

పీజీలో కాంటూరు పటం చదవడం నేర్చుకున్నాం. గట్లు అడ్డుపడితే నీరు కదలదు, ముందు మునిగేది మన లంకలే. ఆటపాక గూడబాతులకు చోటుండాలి, వల వేసే మనిషికి బువ్వా ఉండాలి. రెండూ ఆ నీటి మీదే ఆధారం. ఈ రెండో మాట చెప్పేవాళ్లు మనలోంచే రావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బాగా చదవండి. మన బతుకు మీద గీత గీసే పటాన్ని మనమే చదవగలగాలి.