శివాజీనగర్ మరియమాత గుడిలో నేను చేసిన తప్పు

ఏళ్ళ తరబడి చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఒక కట్టడాన్ని చూడగానే అది ఏ కాలం నాటిదో, ఏ శైలిలో కట్టారో చెప్పేయగలనన్న నమ్మకం నాకు గట్టిగా ఉండేది. ఆ నమ్మకమే బెంగుళూరులో నా చేత తప్పు చేయించింది. పిల్లల ముందు చేసిన తప్పు కాబట్టి, దాన్ని దాచుకోకుండా రాయడమే న్యాయమనిపించింది.

అనంతపురం వాళ్ళకు బెంగుళూరు పరాయి ఊరు కాదు. మాకు ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు పడితేనే పంట. వేరుశనగ ఊడలు దిగే వేళకు చినుకు రాలకపోతే, ఆ ఏడు ఇంట్లో సగం మంది బెంగుళూరు బస్సో రైలో ఎక్కాల్సిందే. బేల్దారి పని, హోటల్ పని, ఇళ్ళల్లో పాచిపని, అపార్టుమెంట్ల కాపలా. మా కాలేజీ పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు అక్కడే ఉండేవాళ్ళు. అందుకే విహారయాత్ర అంటే మాకు బెంగుళూరే. విధానసౌధ, లాల్‌బాగ్ చూపించాక, పిల్లల్ని శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికాకు తీసుకుపోయాను.

రస్సెల్ మార్కెట్ సందడి దాటగానే గోపురం కనబడుతుంది. ఎత్తు 160 అడుగులు. గేటు దగ్గరే పిల్లల్ని నిలబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇంగ్లీషువాళ్ళు తమ దండు కోసం, తమ దొరల కోసం కట్టుకున్న గుడి ఇదని, వలస పాలన దర్జాకు గుర్తని చెప్పాను. లోపల పూజ జరుగుతోంది. అది ముగిసేదాకా ఆగుదామన్న ఆలోచన కూడా నాకు రాలేదు. బల్లల మధ్య దారిలో పిల్లల్ని పీఠం దాకా నడిపించాను. కోసుగా పైకి లేచిన కమానులు, గుత్తులుగా నిలిచిన స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు చూపిస్తూ ఇది గోథిక్ శైలి, రాసుకోండి అన్నాను. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు కొందరు తలెత్తి చూశారు. నేను పట్టించుకోలేదు.

గుడిలో మరియమాత నిలువెత్తు ప్రతిమకు చీర కట్టి ఉంటుంది. దాని ముందు ఒకామె చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటోంది. గోళ్ళ సందుల్లో సిమెంటు తెల్లగా ఎండిపోయి ఉంది. పక్కన మూడేళ్ళ పిల్లాడు, చేతికి ఆసుపత్రి పట్టీ. మంచి దృశ్యమని ఫోన్ తీసి దగ్గరగా ఫోటో తీశాను. ఆ చప్పుడుకు ఆమె కళ్ళు తెరిచింది.

"ఏం నాయనా, అడిగి తీసుకోవల్ల గదా. నా బిడ్డ కోసరం మొక్కుకుంటాండా," అంది.

అచ్చం మా ఊరి మాట. ఫోటో ఆమె కళ్ళముందే చెరిపేసి క్షమించమన్నాను. పూజ అయిపోయాక బయట మెట్ల దగ్గర మళ్ళీ కనబడితే, పిల్లాడికి ఎట్లుందని అడిగాను. మడకశిర వైపు పల్లె అట. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బిల్డింగు పనికి వచ్చి ఏళ్ళయింది. "మేం కిరస్తానమోళ్ళం కాదు నాయనా. మా మేస్త్రీ పెండ్లాం చెప్పింది, ఈ తల్లి వలస వచ్చినోళ్ళను బాగా చూసుకుంటాదని. అందుకే వచ్చినా," అంది.

మేస్త్రీ పెండ్లాం చెప్పిన ఆ ఒక్క మాటలో ఉన్నంత చరిత్ర నేను పిల్లలకు చెప్పినదాంట్లో లేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఇంగ్లీషు దొరలు పోయిన గుడి వేరే ఉంది, సెయింట్ మార్క్స్. అది అప్పట్లో ఆంగ్లికన్లది. శివాజీనగర్ గుడి మొదట్లో బోద కప్పిన చిన్న ప్రార్థనా మందిరం. దాన్ని వేయించింది అబే దుబ్వా అనే ఫ్రెంచి గురువు. వేయించింది తమిళ క్రైస్తవుల కోసం. సెంజి వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు వాళ్ళు. 1809లో శ్రీరంగపట్నం నుంచి దండు బెంగుళూరికి మారాక, దాని వెంట మద్రాసు వైపు నుంచి సిపాయిలు, కూలీలు, వంటవాళ్ళు ఇంకా వచ్చి చేరారు. తరవాత పాండిచ్చేరి నుంచి వచ్చిన ఆండ్రియాస్ అనే భారతీయ గురువు మందిరాన్ని పెంచారు. ఇప్పుడు కనబడే గోథిక్ కట్టడం 1875లో మొదలై 1882లో పూర్తయింది. 1974లో దానికి బసిలికా హోదా వచ్చింది. ఏటా ఆగస్టు 29న జెండా ఎత్తి నవదిన ప్రార్థనలు మొదలుపెడతారు. సెప్టెంబరు 8న తేరు కదులుతుంది. కాషాయరంగు చీరలు కట్టుకుని వచ్చే ఆడవాళ్ళతో శివాజీనగర్ వీధులు నిండిపోతాయి. వాళ్ళలో మరియమాతకు మొక్కుకున్న ఇతర మతాలవాళ్ళూ ఉంటారు. దీన్ని పట్టుకుని దొరల దర్జా అని పిల్లలకు రాయించాను.

దుబ్వా గురించి చదువుతుంటే ఇంకో సంగతి బయటపడింది. హిందువుల ఆచార వ్యవహారాల మీద ఆయన పేరుతో ఒక పెద్ద గ్రంథం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఆ రాతప్రతిని 2000 పగోడాలిచ్చి కొనుక్కుంది. నేనూ దాన్ని తరగతిలో ప్రమాణంగా చెప్పినవాణ్ణే. దానికి మూలం గాస్తోఁ కేర్దూ అనే జెసూట్ గురువు అంతకు ముందే రాసి పెట్టిన రచన అని సిల్వియా ముర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు 1987లో నిరూపించారు. ఈ కేర్దూ మన తెలుగు నేల మీద పనిచేసినవాడు. తెలుగు నేర్చుకుని నిఘంటువు తయారుచేశాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశాడు. ఆ మాట చెప్పిన ఖ్యాతి మాత్రం 1786లో మాట్లాడిన విలియం జోన్స్‌కు దక్కింది. కేర్దూ పేరే మరుగున పడిందంటే, ఆయనకు తెలుగు నేర్పినవాళ్ళ పేర్ల సంగతి చెప్పేదేముంది. పుస్తకమైనా కట్టడమైనా పైన కనబడే పేరు దగ్గరే ఆగిపోవడం నాకు అలవాటైపోయిందని అప్పుడు అర్థమైంది.

ఆ వారమే తరగతిలో నిలబడి, నేను చెప్పింది తప్పని పిల్లలతో అన్నాను. రాసుకున్నది కొట్టేయించి, సరైనది చెప్పాను. నా పరువేమీ పోలేదు. పైగా అంతవరకూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, వాళ్ళ నాన్న ఆ శివాజీనగర్ దగ్గరే పని చేస్తున్నాడని, ఆ గుడి ముందు రోజూ నడుస్తాడని చెప్పింది. గేటు దగ్గర నేను దొరల గురించి ఉపన్యసిస్తున్నప్పుడు ఆ పిల్ల మాట్లాడాలనుకుని ఆగిపోయిందట. అయ్యవారు చెబుతుంటే తానెట్లా చెప్పేదని.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. తేదీ తప్పు చెబితే దిద్దుకోవచ్చు. వలస కూలీలు నిలబెట్టుకున్న గుడి ముందు నిలబడి, వలస కూలీల పిల్లలకు, ఇది మీది కాదు అన్నట్టు చెప్పాను. కరువు సీమలో పుట్టి, వలస అంటే ఏమిటో చూస్తూ పెరిగిన నేను అందరికంటే ముందు పోల్చుకోవలసిన సంగతి అది.

తరవాత కూడా పిల్లల్ని ఆ గుడికి తీసుకుపోయాను. పూజ వేళ ఎప్పుడో ముందే కనుక్కుంటాం. పూజ జరుగుతుంటే వెనక బల్లల్లో కూర్చుంటాం, లేదా బయటే ఆగుతాం. ఫోన్లు సంచుల్లోనే ఉంటాయి. కమానుల గురించి, 1882 గురించి తరవాత చెబుతాను. ముందు పిల్లలే అక్కడివాళ్ళతో మాట్లాడతారు: మీరు ఏ ఊరి నుంచి వస్తారు, ఎన్నేళ్ళుగా వస్తున్నారు, మొదట మీకెవరు చెప్పారు? పెనుకొండ బాబయ్య దర్గాకు పోయినా, లేపాక్షికి పోయినా ఇదే పద్ధతి.

యాత్ర నుంచి వచ్చాక వాళ్ళకో పని అప్పగిస్తాను. బెంగుళూరులో మీ అమ్మానాన్నలు ఏ కట్టడానికి ఇటుకలు మోశారో, సెంట్రింగు కట్టారో అడిగి, ఆ కట్టడం పేరు, వీధి, ఏడాది రాసుకురమ్మంటాను. ఆ నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు ఎర్రసిరా వాడను. ఆ పాఠంలో నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.