మాయా ప్రజల దేశములో ఆరు రోజులు

2024 మే నెలలో మా కుటుంబము మెక్సికో దేశములోని యుకటాన్ రాష్ట్రములో ఆరు రోజులు గడిపి వచ్చింది. అమెరికాలో హ్యూస్టన్ పట్టణములో ఉద్యోగము చేసుకుంటున్న మా బావమరిది టిక్కెట్లు పంపి పిలిస్తే ముందు అక్కడికి వెళ్ళాము. రెండవ వారములో అతను, "ఇంత దూరము వచ్చి షాపులు చూసి పోతారా బావగారూ? రెండు గంటలు విమానములో కూర్చుంటే వేరే లోకము చూపిస్తాను" అన్నాడు. అమెరికా వీసా ఉన్నవారిని మెక్సికో వారు మరల వీసా అడగరు. ఆ విధముగా మెరిడా పట్టణములో దిగాము. మేమిద్దరము, ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి, ఏడవ తరగతి అబ్బాయి, బావమరిది, అతని భార్య.

తిరిగి వచ్చాక సంఘములో ఒక పెద్దాయన, "మాయా దేశమంటే మాయలూ మంత్రాలూ ఉండే దేశమా అయ్యగారూ?" అని అడిగారు. ఆయన అడిగినందుకే ఇది రాస్తున్నాము. మాయా అనేది ఒక జాతి పేరు, వారి భాష పేరు కూడా. మన మాయ అనే మాటకు దానికి శబ్దములో తప్ప పోలిక లేదు. మెక్సికో దక్షిణ భాగములో, గ్వాటెమాలలో, బెలీజులో స్పెయిన్ వారు రాకముందే ఈ ప్రజలు రాతి పట్టణములు కట్టుకొని, రాతలో తమ చరిత్ర రాసుకొని జీవించారు.

మాది పల్నాడు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ చూస్తూ పెరిగినవారము. గనుక యుకటాన్ నేల మాకు కొత్తగా అనిపించలేదు. ఎటు చూసినా సున్నపురాయి. దాని మీద జానెడు మట్టి, ఆ మట్టిలో దట్టమైన అడవి. వేడి మన మే నెల వేడే, చెమట మాత్రము కోస్తా చెమట. మెరిడా వీధులలో తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. ఆశ్చర్యమేమంటే రాష్ట్రమంతా తిరిగినా ఒక నది గాని వాగు గాని కనబడదు. పడిన వాన పడినట్టే రాతి సందులలోనికి దిగిపోతుంది. నేల కింద గుహలలో నీరు పారుతుంది. ఆ గుహల పైకప్పు కూలిన చోట పెద్ద బావి తెరుచుకుంటుంది. వీటిని సెనోటే అంటారు, మాయా భాషలోని మాటనే స్పెయిన్ వారు అలా పలికారు. ఆరు కోట్ల అరవై లక్షల ఏండ్ల క్రితము ఆకాశము నుండి పడిన పెద్ద ఉల్క ఇక్కడి నేలను తొలిచిందనీ, పూడిపోయిన ఆ గుంట అంచు వెంబడే ఈ బావులలో అనేకము వరుస తీరి ఉన్నాయనీ శాస్త్రజ్ఞులు చెబుతారు.

మేము దిగిన సెనోటేలో మెట్లు కిందికి ఒక మూడంతస్తుల మేడ లోతుకు పోయాయి. పైనున్న మర్రి జాతి చెట్ల ఊడలు నీరు వెదుకుతూ దారముల వలె కిందికంటా వేలాడుతున్నాయి. నీరు నీలముగా, అడుగు రాయి కనబడేటంత తేటగా ఉంది. గోడ కన్నములలో తో అనే పిట్ట గూడు కట్టుకుంటుంది. దాని తోక కొసన రెండు ఈకలు బాడ్మింటన్ బ్యాట్ల వలె ఉంటాయి. దిగబోయే ముందు ఒళ్ళు కడుక్కోవాలి, నూనెలు క్రీములు పూసుకొని దిగనివ్వరు. ఊరందరూ తాగే నీరు ఆ రాతి కిందనుండే గదా. ఈత రాని పిల్లల తల్లి కూడా లైఫ్ జాకెట్ తొడుక్కొని దిగి, గంటసేపు పైకి రానన్నది.

చెట్ల సంగతి చెప్పకుండా పోలేము. మన పెరటి సపోటా పుట్టిల్లు ఈ అడవులే. దాని కాండము మీద గాటు పెడితే కారే పాలతో ఒకప్పుడు చూయింగ్ గమ్ చేసేవారు. దాని కొయ్య ఎంత గట్టిదంటే, మాయా వారు రాతి గుడుల గుమ్మములపైన దూలములుగా వేసినవి వెయ్యేండ్లు దాటినా కొన్ని నిలిచే ఉన్నాయి. మొక్కజొన్న, బొప్పాయి, జామ, మిరపకాయ, ఇవన్నీ సముద్రము దాటి ఆ ఖండము నుండి మనకు వచ్చినవే. మిరపకాయను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు వారు. "మాది గుంటూరు మిరప తిన్న నాలుక" అని మా అబ్బాయి హోటలులో హబనేరో మిరప పచ్చడి చెంచాడు నోట్లో వేసుకొని, తరువాత అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు. మాయా వారు పవిత్రముగా ఎంచే చెట్టు సైబా. మన తెల్ల బూరుగ అదే.

చిచెన్ ఇట్సా గురించి పుస్తకములలో చాలా ఉంది గనుక క్లుప్తముగా రాస్తాము. పేరుకు అర్థము 'ఇట్సా వారి బావి ముఖద్వారమున' అని. నడుమ నాలుగు వైపుల మెట్లున్న పెద్ద కట్టడము, ఎత్తు సుమారు 30 మీటర్లు. వైపుకు 91 మెట్లు, పైన ఒక మెట్టు, కలిపి 365. పగలు రాత్రి సమానమైన రోజులలో మెట్ల అంచున పడే నీడ పాము దిగివస్తున్నట్టు కనబడుతుందట. మెట్ల ఎదుట చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వస్తుంది, అది మేము స్వయముగా విన్నాము. వారు చుక్కతో ఒకటి, గీతతో అయిదు, గవ్వ వంటి గుర్తుతో సున్న రాసేవారు. లెక్క ఇరవైల మీద. సున్న మన దేశములోనే పుట్టిందని చదువుకున్న మా అమ్మాయి ఆ పలక దగ్గర చాలాసేపు నిలబడింది.

ఆ ఊరి పెద్ద సెనోటేలో నుండి ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరములలో బంగారము, పచ్చరాళ్ళు తీశారు. మనుష్యుల ఎముకలు కూడా తీశారు, వాటిలో పిల్లలవి ఉన్నాయి. వానదేవునికి ఇచ్చిన బలులు. దీనిని దాచి ఆ ప్రజలను పొగడుట మాకు ఇష్టము లేదు.

మాకు చిచెన్ కంటే ఊష్మాల్ నచ్చింది. మెరిడాకు దక్షిణాన ఎనభై కిలోమీటర్లు, జనము తక్కువ. కొండ నేల గనుక అక్కడ సెనోటేలు లేవు. వాన నీరు పట్టుకోవడానికి రాతిలో కుండ ఆకారములో గుంటలు తవ్వి లోపల సున్నము పూశారు. గోడల నిండా పొడుగు ముక్కుతో వానదేవుని ముఖములు చెక్కి ఉన్నాయి. సాగరు కాలువ రాకముందు ఆకాశము వంక చూసిన రైతుల బిడ్డలము, ఆ ముఖములు అన్నిసార్లు ఎందుకు చెక్కారో మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. తొమ్మిదవ శతాబ్దములో దీర్ఘకాలము కరువులు వచ్చినట్టు అక్కడి ఒక సరస్సు అడుగు బురదను పరిశీలించి 1995లో పరిశోధకులు ప్రకటించారు. పట్టణములు విడిచిపెట్టడానికి అదొక్కటే కారణము కాదంటారు గాని, పెద్ద కారణమే.

మాకు తోడు వచ్చిన గైడు యాభై ఏండ్ల మనిషి. మా అబ్బాయి అతనిని, "మాయా వాళ్ళు ఎప్పుడు చచ్చిపోయారు?" అని అడిగాడు. బావమరిది స్పానిష్‌లోకి మార్చి చెప్పగానే అతను పొట్ట పట్టుకొని నవ్వాడు. "పొద్దున టిఫిన్ తినేటప్పుడు బ్రతికే ఉన్నానే!" అన్నాడు. అతను మాయా, భార్య మాయా, ఇంట్లో మాట్లాడేది మాయా. మెక్సికోలో ఆ ఒక్క భాష మాట్లాడేవారే ఏడు లక్షలకు పైగా ఉన్నారు. 'బాగున్నారా' అనడానికి వారు 'నీ దారి ఎలా ఉంది' అంటారు. కృతజ్ఞత చెప్పడానికి 'దియోస్ బోఒతిక్' అంటారు, అంటే దేవుడే నీకు చెల్లిస్తాడని. ఆ మాట విన్న దగ్గరనుండి మేము థాంక్యూ మానేశాము.

అతని పొలము కూడా చూపించాడు. రాళ్ళ నడుమ మొక్కజొన్న, దాని కాండమును పట్టుకొని పాకే చిక్కుడు, కింద ఎండ తగలకుండా నేలను కప్పే గుమ్మడి. మూడూ ఒకే గుంటలో. జొన్న గింజలను అతని తల్లి సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, రుబ్బి రొట్టె చేసింది. సున్నము తగిలితేనే ఆ గింజలోని పోషకము ఒంటికి పడుతుందట. తాంబూలములో తప్ప సున్నము తినని మాకు ఆ రొట్టె వాసన ఇప్పటికీ గుర్తుంది.

అతనే మమ్మును మానీ అనే ఊరికి తీసుకువెళ్ళాడు. మా పట్టికలో అది లేదు. చిన్న ఊరు, నడుమ పెద్ద రాతి దేవాలయము, పక్కన సన్యాసుల మఠము, ముందు ఖాళీ స్థలము. 1562 జూలై 12న దియేగో దె లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ ఊరిలో మాయా వారి విగ్రహములను, వాటితో పాటు వారి పుస్తకములను కుప్పవేసి కాల్పించాడు. దానికి ముందు, బాప్తిస్మము పొంది కూడా రహస్యముగా పాత పూజలు చేస్తున్నారని అనేకులను పట్టి హింసించారు. ఆ పుస్తకములు మర్రి జాతి చెట్టు నారతో చేసి, పైన సున్నము పూసి, రంగులతో రాసి మడతపెట్టినవి. గ్రహముల నడక, గ్రహణముల లెక్కలు, పూజల తిథులు వాటిలో ఉండేవి. ఈనాడు లోకమంతటిలో మిగిలినవి నాలుగే. కాల్చినప్పుడు ఆ ప్రజలు ఎంతగానో దుఃఖించారని లాందాయే తరువాత రాశాడు. కొద్ది వారములలోనే వచ్చిన బిషప్పు అతని పనిని తప్పుపట్టి ఖైదీలను విడిపించాడు. లాందాను స్పెయిన్‌కు పిలిపించారు. అయినా 1573లో అతనే బిషప్పుగా తిరిగి వచ్చాడు.

ఒక వింత కూడా ఉంది. అదే లాందా స్పెయిన్‌లో యుకటాన్ గురించి రాసిన పుస్తకములో మాయా అక్షరములని కొన్ని గుర్తులు పెట్టాడు. మూడు వందల ఏండ్ల తరువాత ఆ ప్రతి దొరికింది గాని, ఆ అక్షరములతో ఏమీ చదవలేకపోయారు. 1952లో యూరీ క్నోరోజొవ్ అనే రష్యా పండితుడు గ్రహించిన సంగతి ఇది: లాందా స్పానిష్ అక్షరముల పేర్లు పలికితే, మాయా లేఖరి ఆ శబ్దములనే రాశాడు. అంటే అవి విడి అక్షరములు కావు, మన క, కి, కు గుణింతము వంటివి. రాళ్ళ మీది రాతలు చదవడానికి తలుపు అక్కడ తెరుచుకుంది. కాల్చినవాని చేతిలోనే తాళపుచెవి మిగిలిందన్నమాట.

"కాల్పించింది ఫాదర్‌గారా?" అని మా అమ్మాయి అడిగింది. అవునన్నాము. అమ్మాయి ఇంకేమీ అనలేదు, మా ముఖము చూసింది.

అపొస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయములో ఎఫెసువారు మంత్రవిద్య పుస్తకములు కాల్చిన సంగతి మీకు తెలుసు. దానిని అనేకసార్లు బోధించినవారము. మానీలో ఆ ఖాళీ స్థలము దగ్గర నిలబడి ఆలోచిస్తే ఒక తేడా కనబడింది. ఎఫెసులో పుస్తకములు తెచ్చినవారు, వాటి వెల లెక్కగట్టినవారు, కాల్చినవారు ఆ పుస్తకముల యజమానులే. మానీలో చేతులు వేరు, పుస్తకములు వేరు. నరబలులు మానిపించడానికి గ్రహణముల లెక్కలు కాల్చనక్కరలేదు.

అప్పుడు పిల్లల తల్లి మెల్లగా, "మరి తాతయ్యగారి డప్పు?" అన్నది.

మా తాతగారు డప్పు వాయించేవారు. ఆయన బాప్తిస్మము పొందినప్పుడు, విగ్రహముల ముందు మోగిన వాద్యము ఇంటిలో ఉండరాదని ఆనాటి బోధకులు చెప్పారట. డప్పు పొయ్యిలోకి వెళ్ళింది. ఇది మా ఇంటిలో సాక్ష్యముగా చెప్పుకునే కథ. దానిని తేలికగా కొట్టివేయలేము. చావుకైనా జాతరకైనా పిలిచిన వెంటనే వెళ్ళి కొట్టవలసిన వెట్టి అది, వదిలించుకొనుట ఆయనకు విడుదలయే. అయితే డప్పుతో పాటు ఆయన పాడే పాటలూ పోయాయి. కాల్చింది ఆయనేనా, కాల్పించారా? ఆ ప్రశ్న మేము ఎన్నడూ అడగలేదు, మా నాన్నగారు చెప్పలేదు. పొలములో చూసిన ఆ తల్లి కట్టి ఇచ్చిన రొట్టెలు మఠము నీడలో కూర్చొని తిన్నాము. మాటలు తక్కువయ్యాయి.

జూన్‌లో ఇంటికి చేరాక, తాతగారి కూతురు, మా మేనత్తగారి దగ్గరకు వెళ్ళాము. ఆమెకు ఎనభై నాలుగు. అడిగితే వెంటనే చెప్పింది. "ఆయనే కాల్చాడయ్యా, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. కాల్చి ఆ రాత్రి అన్నము ముట్టలేదు."

పాటలు కొన్ని ఆమెకు గుర్తున్నాయి. కోతల పాటలు, ఉయ్యాల పాటలు, ఒకటి రెండు జాతరవి కూడా. మా అమ్మాయి ఆదివారము ఆరాధన అయిన తరువాత వెళ్ళి ఫోనులో రికార్డు చేసుకుంటోంది. ఇప్పటికి పదకొండు వచ్చాయి. పన్నెండవది సగము వరకే గుర్తుందట, మిగతాది వచ్చినప్పుడు కబురు పంపుతానని చెప్పింది.