బాబాయి బండికి బుగ్గ

ఆటోనగర్ అనగానే మీలో చాలామందికి 2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' గుర్తొస్తుందేమో. మొన్నటిదాకా నాకూ అంతే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి గ్రీజు అంటని బతుకు. ఈ జనవరిలో మాత్రం ఒక రోజంతా విజయవాడ ఆటోనగర్‌లో గడిపాను. మా బాబాయి పాత పికప్‌కి మెరిసే లైట్లు పెట్టించాలి. అదీ పని.

బాబాయి రావులపాలెం నుంచి విజయవాడకి అరటి గెలలు తోలతాడు. రాత్రి బయల్దేరి తెల్లారేలోపు మార్కెట్‌కి చేరాలి. డిసెంబర్‌లో ఒక రాత్రి భీమడోలు దాటాక వెనక టైరు పంక్చరైంది. చుట్టూ పొగమంచు. బండి పక్కకి తీసి, వెనక నాలుగు రాళ్లు పేర్చి, ఒక చెట్టు కొమ్మ విరిచి పడేశారు. మన రోడ్ల మీద అందరూ చేసేదే కదా! క్లీనర్ కుర్రాడు జాకీ ఎక్కిస్తుండగా ఓ లారీ ఆ కొమ్మని తొక్కుకుంటూ వచ్చి, ఆఖరి క్షణంలో పక్కకి కోసింది. బండి అద్దం ఎగిరిపోయింది. తప్పుకోబోయి పడ్డ కుర్రాడికి మోచెయ్యి విరిగింది.

"లారీ వాడి తప్పేం లేదురా. మేం వాడికి కనపడలేదు, అంతే" అన్నాడు బాబాయి ఫోన్లో.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. లేచి ఆన్‌లైన్‌లో వెతికి, ఎరుపు, నీలం రంగుల్లో టపటపా కొట్టే స్ట్రోబ్ లైటు ఒకటి ఆర్డర్ పెట్టేశాను. ఎంత ఎక్కువ వెలిగితే అంత క్షేమం అనుకున్నాను.

ఆటోనగర్‌ని ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటని చెబుతారు. లోపలికెళ్తే నమ్మకం కుదురుతుంది. ఒకచోట లారీలకి బాడీలు కడుతుంటారు. ఇంకోచోట కమాన్‌పట్టీలు, మరోచోట రేడియేటర్లు. వెల్డింగ్ నిప్పురవ్వలు, పెయింటు వాసన, సుత్తి దెబ్బలు... మధ్యలో టీ గ్లాసులు పట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లు. బండిలో ఏ భాగం పోయినా దానికొక మనిషి ఇక్కడ ఉంటాడు. మాకు కావాల్సిన మనిషి ఒక చిన్న రేకుల షెడ్డులో దొరికాడు. అరవై ఏళ్ల ఎలక్ట్రీషియన్. బాబాయి ఆయన్ని 'మేస్త్రీ' అంటాడు.

నా పార్శిల్ విప్పి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేమన్నా పోలీసు బండా బాబూ?" అని నవ్వాడు. "2017 మే 1 నుంచి మంత్రుల కార్లకే బుగ్గలు తీసేశారు. మీ అరటిపళ్ల బండికి పెడతానంటారా?"

నిజమే. ఎరుపు, నీలం మెరుపులు అత్యవసర సేవల బండ్లకి మాత్రమే. కానీ ఆయన అసలు అభ్యంతరం చట్టం గురించి కాదు.

"ముందు ఉన్న లైట్లు వెలగనివ్వండి" అని వెనక లైటు దగ్గర మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. లైటు దగ్గరికొచ్చేసరికి 9.8! మిగతాది ఎక్కడికి పోయింది? ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ వైరు దగ్గర తుప్పు పట్టింది. కరెంటు వెనక్కి వెళ్లే దారే సరిగా లేదు. మామూలు బల్బుకి వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. అంటే బాబాయి ఎన్నాళ్లుగానో సగం వెలుగుతోనే హైవే మీద తిరుగుతున్నాడు. నేను ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు ఓమ్స్ లా రాసి పాసైనవాడిని. అదే బండిలో వంద సార్లు ఎక్కాను. ఒక్కసారీ వెనక్కెళ్లి చూడలేదు.

మేస్త్రీ తుప్పు గీకి, కొత్త ఎర్త్ వేసి బిగించాడు. లైట్లు ఎర్రగా లేచాయి. ఖర్చు వంద రూపాయలు.

"మరి కొత్త లైట్లు?" అన్నాను.

"పెడదాం. పసుపువి. ఎర్ర లైటు చూస్తే వెనకాల వాడికి ముందు బండి ఉందని తెలుస్తుంది. అది నడుస్తోందో ఆగిందో తెలియదు. పసుపు మెరుస్తుంటే జాగ్రత్త పడతాడు. మరీ వేగంగా, మరీ వెలుగ్గా కొడితే మాత్రం కళ్లు చెదిరి మన మీదకే వస్తాడు. వాడికి మనం కనపడాలి, టైరు మార్చే మనిషీ కనపడాలి."

నేను లెక్కేశాను. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వెయ్యడానికి రెండు సెకన్లు పట్టినా 44 మీటర్లు అయిపోతాయి. బండి ఆగడం అప్పుడు మొదలవుతుంది. నాలుగడుగుల దూరంలో పెట్టిన రాయి ఏం కాపాడుతుంది?

ఆయన షెల్ఫ్‌లో ఒక పాత స్ట్రోబ్ కూడా ఉంది, జెనాన్ గాజు గొట్టంతో. ఆ మెరుపుని 1930లలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ వేగంగా కదిలే వస్తువుల్ని ఫొటో తియ్యడానికి వాడాడు. దానికి కొన్ని వందల వోల్టులు కావాలి. మాకు చిన్న ఎల్‌ఈడీలు చాలు. రెండు ఆంపియర్లు కూడా తాగవు. బ్యాటరీ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు, ఒక రిలే, లోపల స్విచ్చి.

చివర్లో మేస్త్రీ ఇంకో వైరు లాగాడు, హ్యాండ్‌బ్రేకు దగ్గరికి. స్విచ్చి వెయ్యాలి, హ్యాండ్‌బ్రేకూ లాగాలి. అప్పుడే లైట్లు మెరుస్తాయి. మా భాషలో ఇఫ్ కండిషన్ అన్నమాట!

"ఇదెందుకండీ మేస్త్రీ?" అన్నాడు బాబాయి.

"నడుస్తున్న బండికి మెరుపులు వద్దు. ఊరికే మెరిసే లైటుని రెండు రోజులకి ఎవడూ లెక్కచెయ్యడు."

వెనక రిఫ్లెక్టర్ టేపు అంటించి, రెండు హెచ్చరిక త్రికోణాలు చేతిలో పెట్టాడు. వీటికి కరెంటే అక్కర్లేదు. అన్నీ కలిపి 2,400 రూపాయలు. నేను తెచ్చిన స్ట్రోబ్ ధర అంతకంటే ఎక్కువ. (మీరూ బండికి ఏదైనా మార్పు చేయించాలనుకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చెయ్యండి.)

ఆ రాత్రి ఖాళీ బండితో తిరుగు ప్రయాణం. ఏలూరు దాటాక ఒక ధాబా దగ్గర, రోడ్డుకి బాగా ఎడంగా ఆపాం. బాబాయి స్విచ్చి వేసి హ్యాండ్‌బ్రేకు లాగాడు. నేను వెనక్కి అరవై అడుగులు వేసి తిరిగి చూశాను. మంచులో బండి ఆకారం కూడా తెలియడం లేదు. పసుపు మెరుపు మాత్రం కనపడుతోంది, నింపాదిగా, సెకనుకి ఒకసారి.

బాబాయి కూడా నా పక్కకి వచ్చి చాలాసేపు చూశాడు. "ఆ రోజే ఇది ఉంటే కుర్రాడి చెయ్యి విరిగేది కాదురా" అన్నాడు.

నేనేం మాట్లాడలేకపోయాను. తిరిగి వస్తుంటే రోడ్డు అంచున ఎవరో పేర్చి వదిలేసిన రాళ్లు కనిపించాయి. అక్కడ బండేమీ లేదు. ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. బాబాయి వంగి ఒక్కో రాయీ ఎత్తి పక్కనున్న పొదల్లోకి విసిరేశాడు. రెండోది నేను అందుకున్నాను.